ఫోన్ గుండు

మా అవ్వ నాకు సాయంత్రం ఆరున్నరకి ఫోన్ చేస్తుంది. అంతకుముందు చేయదు, తర్వాతా చేయదు. ఎండ తగ్గాక, చీకటి పడకముందు, ఊరి వెనకున్న గుండెక్కి దిగడానికి ఆమెకి దొరికే సందు అదొక్కటే. మా వైపు గుండు అంటే ఇంటికంటే పెద్ద బండరాయి. అనంతపురం పల్లెల్లో అట్లాంటివి ఊరికి పది ఉంటాయి. మా ఊళ్ళో ఒకదాన్ని దున్నపోతు గుండు అనేవాళ్ళు. పదిహేనేళ్ళుగా ఎవరూ ఆ పేరుతో పిలవట్లేదు. అదిప్పుడు ఫోన్ గుండు. దాని పడమటి అంచున, ఇద్దరు మనుషులు నిలబడేంత జాగాలో, సిగ్నల్ ఉంటుంది. రెండు గీతలు. అదృష్టం బాగుంటే మూడు.

"పాపా, ఇనపడతాందా?"

"ఇనపడతాందవ్వా, చెప్పు."

"తిన్యావా... యాడుం... వాన..."

అంతే, కట్. మళ్ళీ చేస్తుంది, మళ్ళీ కట్. మూడోసారికి ఇద్దరం ముఖ్యమైనవే మాట్లాడుకుంటాం: ఒళ్ళు, డబ్బు, వాన. మిగతావన్నీ నేను ఊరికి పోయినప్పుడే.

ఉద్యోగం కోసం నేను బెంగళూరులో ఉంటున్నాను. మా ఊరు మడకశిర దగ్గర, కర్ణాటక సరిహద్దుకి కూతవేటు దూరం. బస్సులో నాలుగు గంటలు. పోయిన ఎండాకాలం నాకు ఓపిక అయిపోయి కంప్లైంట్ పెట్టాను. ఒక నంబరు ఇచ్చారు. మూడు రోజుల తర్వాత ఒకబ్బాయి ఫోన్ చేసి, చాలా మర్యాదగా, "మేడం, మీరు చెప్పిన పిన్‌కోడ్‌లో కవరేజీ బాగానే చూపిస్తోంది" అన్నాడు. కంప్లైంట్ పరిష్కారమైనట్టు మెసేజ్ వచ్చింది. కంపెనీ మ్యాపు చూశాను. మా ఊరు, ఊరి చెరువు, శ్మశానం అన్నీ పచ్చరంగులో ఉన్నాయి. మా ఊళ్ళో అంత పచ్చదనం నేనెప్పుడూ చూడలేదు.

ఆ కోపంలోనే ఈ వ్యాసం రాద్దామనుకున్నాను. రాసేముందు అవ్వని, ఊళ్ళో పెద్దవాళ్ళని "ఇంతకుముందు ఫోన్ ఎట్లా చేసేవాళ్ళు?" అని అడిగాను. వాళ్ళు చెప్పిందాంట్లో కంపెనీల పేర్లు లేవు, టెక్నాలజీ లేదు. ఎంత దూరం నడిచారో ఉంది.

*

దేశంలో మొదటి ఎస్టీడీ లైను 1960లో లక్నో, కాన్పూర్ల మధ్య వేశారు. మా ఊళ్ళో ఆ మూడక్షరాలు వినపడడానికి ఇంకో ముప్పై ఏళ్ళు పట్టింది. అంతదాకా ఉన్నది ట్రంకాల్. మా నాన్న బళ్ళారిలో పనికి చేరిన కొత్తలో, తాత పద్నాలుగు కిలోమీటర్లు మడకశిరకి పోయి, పోస్టాఫీసులో కాల్ బుక్ చేసి, వేపచెట్టు కింద కూచునేవాడు. ఆర్డినరీ అయితే ఒక రేటు, అర్జెంటు అయితే ఇంకో రేటు, లైట్నింగ్ అంటే అంతకన్నా ఎక్కువ. పొద్దున బుక్ చేస్తే మధ్యాహ్నానికి లైను దొరికిన రోజులున్నాయి, దొరకకుండా తిరిగొచ్చిన రోజులూ ఉన్నాయి. దొరికినా అవతల నాన్న పక్కింటి ఫోను దగ్గరికి పరుగెత్తుకుని రావాలి. అప్పటి పెళ్ళిపత్రికల్లో, విజిటింగ్ కార్డుల్లో నంబరు పక్కన 'పి.పి.' అని ఉండేది. ఆ ఫోను మనది కాదు, పిలిచి పెడతారు అని దానర్థం.

ఇంకోటి తంతి. ఇది మాత్రం ఇంటికే వచ్చేది. అవ్వ మాటల్లో, సైకిలు మీద తంతి మనిషి ఊళ్ళోకి దిగితే, ఏ ఇంటికి పోతాడో తెలీకముందే ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు. చదవనక్కర్లేదు. తంతి అంటే చావే.

ఆ తర్వాత జరిగిందాన్ని నేను ఫోన్ చరిత్రలో మంచి అధ్యాయం అనుకుంటాను. 1984 ఆగస్టులో శాం పిట్రోడా చొరవతో సీ-డాట్ మొదలైంది. విదేశాల నుంచి తెచ్చిన ఎక్స్‌చేంజీలకి ఏసీ గదులు కావాలి, ఆగని కరెంటు కావాలి. పల్లెల్లో ఈ రెండూ లేవు. సీ-డాట్ ఇంజనీర్లు 128 లైన్ల చిన్న ఎక్స్‌చేంజీ తయారుచేశారు. దుమ్ముకి, ఎండకి, కరెంటు కోతలకి తట్టుకునేట్టు, ఏసీ లేకుండా నడిచేట్టు. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది పెట్టారు. పల్లె ఎట్లా ఉంటుందో ముందు చూసి, దానికి తగ్గట్టు యంత్రాన్ని కట్టారు. ఇంత మామూలు ఆలోచన ఆ తర్వాత నాకు పెద్దగా కనపడలేదు.

దాని వెనకే పసుపు రంగు ఎస్టీడీ బూతులు వచ్చాయి. మా ఊరికి ఐదు కిలోమీటర్ల దూరంలో మెయిన్‌రోడ్డు మీద ఒకటి. ఎర్ర అంకెలు గిర్రున తిరుగుతుంటే, నాలుగు మాటలు మిగుల్చుకోవాలని అమ్మ ఫోను పెట్టేయడం నాకు బాగా గుర్తు. తర్వాత పల్లెకొక ఫోను వచ్చింది. టెలిగ్రాఫ్ చట్టాన్ని 2003లో సవరించి, 2002 ఏప్రిల్ నుంచి వర్తించేట్టు సార్వత్రిక సేవా నిధికి చట్టబద్ధత ఇచ్చారు. టెలికాం కంపెనీల ఆదాయంలో కొంత వాటా తీసుకొని, లాభం రాని పల్లెలకి ఫోన్లు ఇవ్వడం దాని పని. మా ఊళ్ళో అంగడి కిటికీలో తీగ లేని ఫోను ఒకటి పెట్టారు. మా ఇంటి నుంచి రెండొందల అడుగులు. అంగడాయన కేకేస్తే అవ్వ చేతిలో పిండి కడుక్కోకుండానే వచ్చి మాట్లాడేది.

లెక్క చూడండి: పద్నాలుగు కిలోమీటర్లు, ఐదు కిలోమీటర్లు, రెండొందల అడుగులు. ఆ తర్వాత మొబైల్ వచ్చింది. దూరం పెరిగింది.

*

1995 జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కోల్‌కతా నుంచి కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌కి ఫోన్ చేయడంతో దేశంలో మొబైల్ మొదలైంది. అప్పట్లో నిమిషానికి పదహారు రూపాయల దాకా, అదీ వచ్చిన కాల్‌కి కూడా. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక గానీ మామూలు మనుషులు అటువైపు చూడలేదు. మా ఊళ్ళో మొదటి మొబైళ్ళు బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయినవాళ్ళు తెచ్చారు. ఊళ్ళో అవి టార్చిలైట్లు. గుండెక్కితే ఫోన్లు.

గుండు మీద ఇంకో చిత్రం జరిగేది. మడకశిర ప్రాంతాన్ని మ్యాపులో చూస్తే కర్ణాటక లోపలికి చొచ్చుకుపోయిన నాలుకలా ఉంటుంది. మూడు పక్కలా తుమకూరు జిల్లానే. టెలికాం వాళ్ళ లెక్కలో అది వేరే సర్కిల్. మన ఫోను అటువైపు టవర్ని పట్టుకుంటే, సొంత ఊరి గుండు మీద నిలబడ్డా 'కర్ణాటకకు స్వాగతం' అని మెసేజ్, వెనకే రోమింగ్ కోత. మా చిన్నాయన పది రూపాయల రీఛార్జి అట్లా రెండు నిమిషాల్లో పోగొట్టుకుని, "నేను యాడికీ పోల్యా, గుండుమీదనే ఉండా" అని గాలిలోకి అరిచిన కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. నవ్వే చెప్పుకుంటారు. ఆ రోజుకి ఆయన కూలి డెబ్బై రూపాయలు.

అందరి చేతిలో ఫోన్లు వచ్చాక అంగడి ఫోన్ మూగబోయింది. దాన్ని బాగుచేయడానికి ఎవరూ రాలేదు. మొబైల్ ఉందిగా అన్నారు. అట్లా రెండొందల అడుగుల్లో ఉన్న ఫోను ముప్పావు కిలోమీటరు అవతలికి, ఒక గుండు నెత్తికి పోయింది.

2018లో మా తాత చనిపోయాడు. రాత్రి పది గంటలప్పుడు. ఆ ఏడాది కోసం జిల్లా అంతా ఎదురుచూసిన వాన ఆ రాత్రే కొట్టింది. ఉరుములు, పిడుగులు. ఊళ్ళో ఎత్తైన రాయి మీద, చేతిలో ఫోను పట్టుకొని, ఆ రాత్రి ఎవరు నిలబడతారు? వాన తెరిపిచ్చి తెల్లవారుజామున ఐదింటికి చిన్నాయన గుండెక్కాడు. నేను మధ్యాహ్నానికి చేరుకున్నాను. మట్టి వేయడానికి నాకోసం ఆగారు. ఆలస్యమైందని ఎవరూ అనలేదు. కానీ ఆ ఏడు గంటలు నన్ను వదల్లేదు. వాళ్ళంతా తాత చుట్టూ కూచొని ఏడుస్తున్నప్పుడు, నేను గదిలో పడుకొని, నాలుగు గీతల సిగ్నల్‌తో, ఒకటిన్నర దాకా సినిమా చూశాను. మా పెదతాత పోయినప్పుడు తంతి బళ్ళారికి పోవడానికి పూట పట్టిందట. తంతి 2013 జూలైలో దేశమంతా ఆగిపోయింది. దాని పని చేయడానికి మా ఊళ్ళో మిగిలింది గుండొక్కటే.

*

మా వైపే ఎందుకిట్లా? ఒక కారణం నేల. ఈ పీఠభూమి చదునుగా కనిపిస్తుంది గానీ ఎక్కడపడితే అక్కడ రాతిగుట్టలు. గుత్తి, పెనుకొండ, రాయదుర్గం, మడకశిర - దూరం చూడటానికి రాజులు కోటలు కట్టుకున్న కొండలే ఇవి. కొండ మీదున్నవాడికి లోకమంతా కనపడుతుంది. కొండ నీడలో ఉన్న పల్లెకి టవరు కనపడదు. తక్కువ పౌనఃపున్యం ఉన్న తరంగాలు దూరం పోతాయి, కాస్త వంగి మలుపులు తిరుగుతాయి. ఎక్కువ డేటా మోసే ఎక్కువ పౌనఃపున్యపు తరంగాలు దగ్గర్లోనే ఆగిపోతాయి. టవరు ఉన్నా కరెంటు పోయి బ్యాటరీ దిగిపోతే అదొక ఇనుప స్తంభమే.

రెండో కారణం మనుషులు. విడిపోకముందు అనంతపురం 19,130 చదరపు కిలోమీటర్లతో రాష్ట్రంలోనే అతి పెద్ద జిల్లా. 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకి 213 మంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రం సగటు 308. టవరు పెట్టేవాడు ఆ టవరు కింద ఎంతమంది రీఛార్జి చేస్తారో చూస్తాడు. ఉన్న కొద్దిమందిలో కూడా వయసు పిల్లలు కరువుకి బెంగళూరుకి పోయారు. వాళ్ళ రీఛార్జి డబ్బు కర్ణాటక సర్కిల్ ఆదాయం. వాళ్ళు ఫోను కొన్నదే ఊరితో మాట్లాడ్డానికి. ఆ సంగతి ఏ ఖాతాలోనూ పడదు.

మూడో కారణం నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. అది కొలత. కాల్ డ్రాప్‌లు రెండు శాతం దాటకూడదని ట్రాయ్ నియమం. చాలా ఏళ్ళు ఆ రెండు శాతాన్ని సర్కిల్ మొత్తానికి సగటు తీసి చూసేవాళ్ళు. ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే, రాష్ట్రం విడిపోయాక కూడా, తెలంగాణతో కలిపే. హైదరాబాదులో కట్ కాని లక్షల కాల్స్‌తో కలిపి మా అవ్వ మూడు కాల్స్‌ని భాగిస్తే ఏమొస్తుంది? సున్నా.

ఈ లెక్క మా వాళ్ళకి కొత్త కాదు. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర. ఎద్దుకి ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము తడవని వాన మాది. శనక్కాయ పంట బీమాకి చాలా కాలం మండలమే యూనిట్. మండలం సగటు దిగుబడి పడిపోతేనే పరిహారం. పక్కూళ్ళో వాన పడి పంట నిలబడితే, మన చేను ఎండినా కాగితం మీద ఎండలేదు. ఊరిని యూనిట్‌గా తీసుకోండి అని రైతులు ఏళ్ళ తరబడి అడిగింది అందుకే. సగటు వానతో చేను తడవదు. సగటు సిగ్నల్‌తో ఫోను మోగదు.

*

కంప్లైంట్ చేసేవాడికి చట్టంలో ఏముంది? ఇదీ ఎగుడుదిగుడు కథే. 2009లో సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన ఒక టెలిఫోన్ బిల్లు తగాదాలో, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలో మధ్యవర్తిత్వం ఉంది కాబట్టి ఇట్లాంటివి వినియోగదారుల ఫోరంలో నడవవని చెప్పింది. ఆ తీర్పు చూపించి ఎన్నో ఫిర్యాదులని వాకిట్లోంచే పంపించేశారు. 2022 ఫిబ్రవరిలో అదే కోర్టు, ఇంకో బిల్లు కేసులో, వినియోగదారుల ఫోరానికి పోవచ్చని స్పష్టం చేసింది. మధ్యలో 2015 అక్టోబరులో ట్రాయ్ ఒక నిబంధన తెచ్చింది: కాల్ కట్ అయితే రూపాయి పరిహారం, రోజుకి మూడు రూపాయలు మించకుండా. కంపెనీలు కోర్టుకి పోయాయి. 2016 మే 11న సుప్రీంకోర్టు ఆ నిబంధనని కొట్టేసింది. అది బతికుంటే మా అవ్వకి రోజూ సాయంత్రం ఖచ్చితంగా మూడు రూపాయలు వచ్చేవి.

కంపెనీ మారొచ్చు కదా అంటారు. 2011 జనవరి నుంచి దేశమంతా నంబరు మారకుండా కంపెనీ మారే వీలుంది. గుండు మీద రెండో కంపెనీ సిగ్నల్ లేనప్పుడు మారి ఎక్కడికి పోవాలి?

ఇదంతా మాటలకి సంబంధించిన ఇబ్బందే అయితే, సర్దుకుపోవడం మా వైపు మనుషులకి బాగా వచ్చు. కానీ పదేళ్ళుగా ఫోను మాటలది కాకుండా పోయింది. 2015లో రాష్ట్రంలో రేషన్ అంగళ్ళకి వేలిముద్ర యంత్రాలొచ్చాయి. యంత్రానికి సిగ్నల్ కావాలి. మా డీలరు బియ్యం బస్తాలు అంగట్లో పెట్టి, యంత్రాన్ని గుండు కింద పెట్టాడు. వేలు అక్కడ, బియ్యం ఇక్కడ. పింఛను ఇప్పుడు గడప దగ్గరికే తెస్తారు. మా గడపలో సిగ్నల్ లేదు కాబట్టి, తెచ్చినవాళ్ళతో కలిసి ముసలివాళ్ళంతా గుండుకాడికి నడుస్తారు.

ఇంకా పెద్దది కూలి. ఈ నేలలో కరువు పనులకి పాత చరిత్ర ఉంది. 1876-78 కరువులో, అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలో భాగంగా ఉన్నప్పుడు, రోడ్లకి కంకర కొట్టిన మనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, దాని మీద చిల్లర డబ్బు అని రిచర్డ్ టెంపుల్ కూలి ఖాయం చేశాడు. బతకడానికి అది చాలదని అప్పుడే గొడవ అయ్యింది. నూట ముప్పై ఏళ్ళ తర్వాత, 2006 ఫిబ్రవరి 2న, ఇదే జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టారు. కరువు పని దయ కాదు, హక్కు అని దేశానికి చెప్పడానికి ఎంచుకున్న నేల ఇది. మస్టరు అప్పుడు కాగితం మీద ఉండేది. 2023 జనవరి 1 నుంచి అన్ని పనిచోట్లా హాజరు ఫోన్లోనే, రోజుకి రెండుసార్లు ఫొటో. సిగ్నల్ లేనిచోట ఫొటో తీసి తర్వాత పంపొచ్చు అని వెసులుబాటు ఉంది. ఆ 'తర్వాత' అంటే, కందకాలు తవ్విన కొండవాలు నుంచి మేట్‌గా పనిచేసే పిల్ల పొద్దుగూకాక గుండెక్కడం. ఫొటో పైకెక్కకపోతే నలభైమంది ఆ రోజు పనికి రానట్టే. గడ్డపార పట్టిన చేతుల బొబ్బలు ఫోనుకి తెలీవు.

2022 జూలైలో కేంద్ర మంత్రివర్గం, 4జీ అందని 24,680 ఊళ్ళకి టవర్లు పెట్టడానికి 26,316 కోట్లు మంజూరు చేసింది. అంతకు ముందు ఏడాది వెనకబడిన జిల్లాల పల్లెలకి ఇంకో పథకం. మన రాష్ట్రం నుంచి ఆ జిల్లాల జాబితాలో విశాఖపట్నం, విజయనగరం, కడప ఉన్నాయి. అనంతపురం లేదు. అసలు సిగ్నల్ లేని ఊళ్ళకి ముందు ఇవ్వాలి, అందులో అన్యాయమేమీ లేదు. కానీ మా ఊరు ఆ లెక్కలోకి ఎప్పటికీ రాదు, ఎందుకంటే మా ఊళ్ళో సిగ్నల్ ఉంది. గుండు మీద. మ్యాపు అబద్ధం చెప్పట్లేదు. మనుషులు గుండు మీద కాపురం ఉండరన్న సంగతి మాత్రం దానికి తెలీదు. 2024లో ట్రాయ్ నిబంధనలు మార్చి, కవరేజీ మ్యాపులని అందరికీ కనపడేట్టు పెట్టమంది. మంచిదే. ఆ మ్యాపుని ఊరివాళ్ళు దిద్దే వీలు కూడా ఉంటే, మా అవ్వ చూపుడువేలితో రెండు నిమిషాల్లో దిద్దేస్తుంది.

పోయిన సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు చిన్నాయన, ఇంకో నలుగురు చందాలు వేసుకుని, ముసలివాళ్ళు జారిపడకుండా ఫోన్ గుండుకి మెట్లు కొట్టిద్దామని మాట్లాడుకుంటున్నారు. రాళ్ళు కొట్టే మనిషిని కూడా పిలిపించారు. పన్నెండు మెట్లు పడతాయన్నాడు. నాకు మంచి ఆలోచనే అనిపించి నా వంతు ఇస్తానన్నాను. అవ్వ మాత్రం ఒప్పుకోలేదు.

"వద్దురా. మెట్లు కొడితే ఇంగ టవరు రాదు. ఎక్కతాండారు కదా అంటారు."

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి టైం చూసుకుని, మామూలుగానే చేతులతో పట్టుకుంటూ గుండెక్కింది. మైసూరులో ఉన్న మా అత్తకి ఆరున్నరకి ఫోన్ చేయాలట.